జమానత్ దొరక్క 47 రోజులు జైల్లో: ఈ ఖర్చుతో ఎవరికి భద్రత పెరిగింది?

పాలమూరు మాస్టారు | ఆదివారం, రాత్రి 8:40

మా ఊరి మనిషి ఒకతను 47 రోజులు జైల్లో ఉండి పోయిన మంగళవారం ఇంటికొచ్చాడు. హంతకుడు కాదు, దొంగ కాదు. నాలుగేళ్ల కింద జాతరలో జరిగిన కొట్లాటలో ఎనిమిది మంది మీద కేసు పెడితే అందులో ఐదోవాడు. అవతలివాళ్లకు తగిలినవి చిన్న దెబ్బలే. స్టేషన్‌లోనే బెయిల్ ఇచ్చే కేసు, ఇచ్చారు కూడా. మొదటి రెండు వాయిదాలకు వెళ్లాడు. తర్వాత బోరు ఎండిపోయి, అప్పు మీదపడి భార్యాపిల్లలతో ముంబయి బస్సెక్కాడు. గుంపు మేస్త్రీ కింద మట్టిపని. మన దగ్గర ఇది కొత్త కాదు కదా. వాయిదా ఎప్పుడో చెప్పేవాళ్లు లేరు. సమన్లు తాళం వేసిన ఇంటికి వచ్చి తిరిగిపోయాయి. కోర్టు నాన్‌బెయిలబుల్ వారెంట్ ఇచ్చింది. మొన్న దసరాకు ఊరికొస్తే పట్టుకుపోయారు.

వారం తిరగకుండానే జడ్జి గారు బెయిల్ ఇచ్చారు. ఇద్దరు జమానత్ (పూచీ) ఉండాలి, ఒక్కొక్కరు పది వేలకు. పాసుపుస్తకం ఉన్నవాళ్లే కావాలన్నారట. అతని అన్నదమ్ములకు గుంట భూమి లేదు. అతని భార్య ఊరంతా తిరిగింది. భూమి ఉన్నవాళ్లు "మళ్లా బొంబాయి పోతే మా పట్టా మీద పడుతది" అన్నారు. వాళ్లనూ తప్పుపట్టలేను. పైసలు తీసుకొని జమానత్ ఉండేవాళ్లు కోర్టు బయట ఆరు వేలు అడిగారు. అలా రోజులు గడిచిపోయాయి. చివరికి నేను, నాతో పనిచేసే ఇంకో టీచర్ జీతం సర్టిఫికెట్లు పెట్టి సంతకాలు చేశాం. ముందే ఎందుకు చేయలేదంటే, నాకు విషయం తెలిసిందే నలభయ్యో రోజున. మూడు వీధుల అవతల ఉంటుంది వాళ్ల ఇల్లు. అది నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

రోజు కూలి 800 అనుకున్నా అతను పోగొట్టుకున్నది 37,600 రూపాయలు. ప్రభుత్వం వైపు చూస్తే తిండి, కాపలా, వాయిదాకు తీసుకెళ్లే ఎస్కార్ట్. ఇంత పెట్టినందుకు మా మండలంలో ఒక్క ఇంటికైనా భద్రత పెరిగిందా? దేశం మొత్తం మీద 2022 చివరికి జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురికి నేరం రుజువు కాలేదు. ఇది మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

ఆయకట్టు రైతు | ఆదివారం, రాత్రి 9:25

మాస్టారూ, మీ ఊరి మనిషి విషయంలో నాకూ బాధే. కానీ జైళ్లు ఖాళీ చేయండి అనేముందు మా వైపు కూడా వినండి. మాది మిర్యాలగూడ వైపు. రెండేళ్ల కింద యాసంగిలో వరి పొట్టదశలో ఉన్నప్పుడు రాత్రికి రాత్రి మా ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయారు. ఆయిలంతా పొలంలో పారింది. కొత్తది వచ్చేసరికి పద్దెనిమిది రోజులు పట్టింది. ఆరుగురు రైతులం, ఇరవై రెండు ఎకరాలు. నాకు ఎకరానికి పది బస్తాలు కూడా రాలేదు.

దొంగలు దొరికారు. నెలలోపే బెయిల్ మీద బయటికొచ్చారు. అందులో ఒకడు మా పక్క ఊరి రోడ్డు మీద నాకే ఎదురుపడ్డాడు. ఆ రోజు నా ఒళ్లు మండింది. పైనుంచి ఇక ఎవరినీ జైల్లో పెట్టొద్దంటే మాలాంటివాళ్లు ఏం కావాలి?

ఖాకీ విశ్రాంతి | ఆదివారం, రాత్రి 10:10

నేను 31 ఏళ్లు డిపార్ట్‌మెంట్‌లో చేసి హెడ్ కానిస్టేబుల్‌గా దిగినవాణ్ని. ఇద్దరు చెప్పిందీ నిజమే. అయితే ఆ రెండూ ఒకే రోగానికి రెండు లక్షణాలని నా అనుభవం.

స్టేషన్‌లో వారెంట్ల లిస్టు ఒకటి ఉంటుంది. పెద్ద సార్లు మీటింగ్ పెట్టినప్పుడల్లా ఎన్ని అమలు చేశారని అడుగుతారు. ఆ లిస్టులో సగానికి పైగా మాస్టారు చెప్పినలాంటి వలస కూలీల పేర్లే చూశాను. ఒకసారి అలాంటి ఒక్క మనిషి కోసం మేమిద్దరం పుణె పోయి నాలుగు రోజులు సైట్ల చుట్టూ తిరిగాం. ఆ నాలుగు రాత్రులు మా బీట్‌లో గస్తీ లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దొంగకు కావలసింది అదే కదా రైతన్నా. జైలు నుంచి ఖైదీని వాయిదాకు తీసుకెళ్లాలన్నా మనుషులు కావాలి. జడ్జి గారు సెలవులో ఉంటే ఇంకో తేదీ రాయించుకొని తిరిగి రావడమే. ఇప్పుడు రిమాండ్ పొడిగింపులు వీడియోలో చేస్తున్నారు కాబట్టి ఆ బాధ కొంత తగ్గింది.

ఇంకో మాట. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో ఊరికే అరెస్టు చేయొద్దని, ముందు నోటీసు ఇవ్వాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేం 41ఏ నోటీసు అనేవాళ్లం. ఇప్పుడది పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 35వ సెక్షన్‌లో ఉంది. చట్టం సరిగ్గానే ఉంది. కానీ నోటీసు ఇచ్చి మనిషిని ఇంటికి పంపితే ఊళ్లో ఏమంటారో తెలుసా? "పోలీసోళ్లు పైసలు తిన్నరు" అంటారు. స్టేషన్ ముందు ధర్నాకు కూర్చుంటారు. ఆ టెన్షన్ పడలేక రిమాండ్‌కు పంపిన కేసులు ఉన్నాయి. నేనూ పంపాను. ఒప్పుకుంటున్నాను.

నల్లకోటు నల్లగొండ | సోమవారం, ఉదయం 7:15

నల్లగొండలో క్రిమినల్ వైపు ప్రాక్టీస్ చేస్తాను. మాస్టారు చెప్పిన జమానత్ సంగతి గురించి రాస్తాను, ఎందుకంటే ఇది చట్టం లేక వచ్చిన కష్టం కాదు.

1978లో సుప్రీంకోర్టులో మోతీరామ్ కేసని ఒకటి వచ్చింది. ఆయన మధ్యప్రదేశ్‌కు చెందిన తాపీమేస్త్రీ. బెయిల్ దొరికినా మేజిస్ట్రేటు పది వేల జమానత్ అడిగారు. తోడబుట్టినవాడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని దాన్ని ఒప్పుకోలేదు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ పద్ధతిని గట్టిగా తప్పుపట్టి, ఆ మేస్త్రీని వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదిలిపెట్టమన్నారు. యాభై ఏళ్లు కావస్తోంది. మనమింకా పాసుపుస్తకం దగ్గరే నిలబడి ఉన్నాం. ఎకరం కూడా లేనివాడికి, కౌలురైతుకు పాసుపుస్తకం ఎక్కడిది?

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. బెయిల్ ఆర్డర్ కాపీ జైలు సూపరింటెండెంట్‌కు ఈమెయిల్‌లో పోవాలి. వారంలో మనిషి బయటికి రాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలి. నెలలోగా పూచీకత్తు పెట్టలేకపోతే షరతులు సడలించడం గురించి కోర్టే తనంతట తాను చూడొచ్చు. బయటికి వెళ్లి జమానత్ తెచ్చుకుంటానంటే తాత్కాలిక బెయిల్ ఇచ్చే విషయం పరిశీలించవచ్చు. స్థానిక జమానతే కావాలని పట్టుబట్టడం విడుదల ఆలస్యం కావడానికి ఒక కారణమనీ, అలాంటి షరతు పెట్టకపోవచ్చనీ అదే ఆర్డర్‌లో ఉంది. మాస్టారి మనిషి విషయంలో ఏడో రోజున కదలాల్సిన ఫైలు నలభయ్యో రోజుకూ కదలలేదు.

డబ్బే అడ్డమైతే 2023లో కేంద్రం పేద ఖైదీలకు సాయం అని ఒక పథకం పెట్టింది. విచారణ ఖైదీకి బెయిల్ కోసం 40,000 రూపాయల వరకు, శిక్ష పూర్తయినా జరిమానా కట్టలేక ఉండిపోయినవాడికి 25,000 వరకు ఇస్తామని అప్పట్లో పెట్టారు. జిల్లాలో కలెక్టర్ ఉన్న కమిటీ చూస్తుంది. మత్తుమందుల కేసులు (ఎన్‌డీపీఎస్), ఉగ్రవాద కేసులు (ఉపా) లాంటివాటికి వర్తించదు. జైల్లో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచిత లాయర్ హక్కు 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. 15100కు ఫోన్ చేస్తే చాలు. ఈ నంబరు ఎంతమంది ఇళ్లలో తెలుసు?

ఆయకట్టు రైతు | సోమవారం, ఉదయం 7:50

నాకు తెలియదు. ఇప్పుడే రాసుకున్నాను.

డాలస్‌లో నల్లగొండోడు | సోమవారం, ఉదయం 8:35

మాది నకిరేకల్ దగ్గర. ఇక్కడ టెక్సస్‌లో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. మీరు మాట్లాడుకుంటున్నది చదువుతుంటే ఇక్కడ 2007లో జరిగింది చెప్పాలనిపించింది.

టెక్సస్ అంటే శిక్షల విషయంలో చాలా కఠినమని పేరు. ఆ ఏడాది లెక్కలు వేస్తే 2012 నాటికి ఇంకో 17,000 మందికి జైలు పడకలు కావాలని తేలింది. అందుకు దాదాపు 200 కోట్ల డాలర్లు. అప్పుడు ఒక రిపబ్లికన్ ప్రతినిధి జెర్రీ మాడెన్, ఒక డెమోక్రాట్ సెనెటర్ జాన్ విట్మైర్ కలిసి కూర్చున్నారు. కొత్త జైళ్లు కట్టే బదులు 24 కోట్ల 10 లక్షల డాలర్లు వేరేచోట పెట్టించారు. మత్తుకు అలవాటుపడ్డవాళ్లకు చికిత్స, మానసిక సమస్యలున్నవాళ్లకు వైద్యం, ప్రొబేషన్ మీద, అంటే జైలుకు పంపకుండా నిఘాలో, ఉన్నవాళ్లను చూసుకునే ఆఫీసర్లు. అనుకున్నట్టు ఖైదీల సంఖ్య పెరగలేదు. 2011లో వందేళ్ల పాత జైలు ఒకటి మూసేశారు. ఆ తర్వాత ఇంకొన్ని మూతపడ్డాయి. నేరాలూ తగ్గాయి. ఆ కాలంలో అమెరికా అంతటా నేరాలు తగ్గాయి కాబట్టి ఘనత మొత్తం దీనిదే అనను. కానీ జైలు కట్టకపోతే నేరాలు పెరుగుతాయన్న భయం మాత్రం నిజం కాలేదు. ఇంత చేసినా ఈ రాష్ట్రంలో జైళ్లలో ఉన్నవాళ్లు ఇంకా చాలా ఎక్కువే. ఆ సంగతీ దాచను.

మాస్టారి కథకు ఇంకా దగ్గరిది న్యూయార్క్ నగరంలో జరిగింది. చిన్న కేసుల్లో కోర్టుకు రానివాళ్లకు వారెంట్లు పడుతుంటే, వాయిదాకు ముందు ఫోన్‌కు మెసేజ్ పంపి చూశారు. గైర్హాజరు దాదాపు ఐదో వంతు తగ్గింది. చాలామంది రానిది తప్పించుకోవడానికి కాదు, మరిచిపోయి. మన ముంబయి మనిషి దగ్గర కూడా ఫోన్ ఉంటుంది కదా?

పాలమూరు మాస్టారు | సోమవారం, ఉదయం 9:05

ఉంది. కూతురితో వీడియో కాల్ మాట్లాడేవాడు. మేస్త్రీ నంబరు ఊళ్లో పది మంది దగ్గర ఉంది. ఆ రెండు నంబర్లలో ఏ ఒక్కటీ కేసు కాగితంలో లేదు.

పద్దుల రామగిరి | సోమవారం, మధ్యాహ్నం 1:20

నేను ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యాను. ఖర్చు గురించి ఒక మాట చెప్పకపోతే ఈ చర్చ దారి తప్పుతుందని భయం.

ఒక ఖైదీకి ఏడాదికి ఇంత ఖర్చు, వెయ్యి మందిని వదిలితే ఇంతకు వెయ్యి రెట్లు మిగులు అని కొందరు లెక్క కడతారు. అలా మిగలదు. జైలు పద్దులో సింహభాగం జీతాలు. యాభై మంది ఉన్న సబ్‌జైల్లో పది మంది తగ్గితే తగ్గేది బియ్యం, పప్పు, మందుల ఖర్చే. కాపలా వార్డర్లు అంతే మంది ఉండాలి, కరెంటు బిల్లు అంతే. అసలు మిగులు ఎప్పుడంటే ఒక బ్యారక్కో ఒక సబ్‌జైలో పూర్తిగా అవసరం లేకుండా పోయి, ఆ సిబ్బందిని ఇంకో పనిలో పెట్టినప్పుడు. కొన్నేళ్ల కింద మన రాష్ట్రంలోనే ఖైదీలు తగ్గారని కొన్ని సబ్‌జైళ్లు మూశారు, గుర్తుండే ఉంటుంది. లేదంటే కొత్తగా కట్టాల్సింది కట్టకుండా ఆగినప్పుడు. డాలస్ తమ్ముడు చెప్పిన టెక్సస్ మిగులు ఆ రకం.

జైలు పద్దులో కనిపించని ఖర్చు ఇంకా పెద్దది. ఎస్కార్ట్ జీతాలు పోలీసు పద్దులో, కోర్టు సమయం న్యాయశాఖ పద్దులో పడతాయి. అతని భార్య వడ్డీకి తెచ్చిన అప్పు ఎవరి పద్దులోనూ పడదు. బడ్జెట్ పుస్తకం చూసి తీర్పు చెప్పేవాళ్లకు ఇది కనబడదు. మిగిలింది మిగిలినట్టు ఖజానాకు వెనక్కి పోతే ప్రజలకు ఒరిగేదీ ఉండదు. వార్డరు పోస్టు ఒకటి తగ్గితే అదే జిల్లాలో ప్రొబేషన్ ఆఫీసరు పోస్టు ఒకటి రావాలి. ఆ ముడి మొదటే వేయాలి.

తండా అక్క | సోమవారం, సాయంత్రం 6:45

దేవరకొండ వైపు తండాల్లో పారా లీగల్ వాలంటీర్‌గా, అంటే పేదలకు న్యాయసాయం అందేలా చూస్తూ, తిరుగుతాను. ఇప్పటిదాకా మాట్లాడిందంతా మగవాళ్ల కేసుల గురించే కాబట్టి రాస్తున్నాను.

గుడుంబా కేసుల్లో మా తండాల ఆడవాళ్లు ఎంతమంది జైలుకు పోయి వచ్చారో నేను చూశాను. నల్లబెల్లం, పటిక తెచ్చేవాడు, అమ్మేవాడు దొరకడు. పొయ్యి దగ్గర కూర్చున్న ఆమె దొరుకుతుంది. ఆరేళ్ల లోపు పిల్లలుంటే తల్లితో పాటు లోపలే ఉండొచ్చని 2006లో మన ఉమ్మడి రాష్ట్రం మీద వేసిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆరేళ్లు దాటిన పిల్ల? అమ్మమ్మ దగ్గరో పక్కింట్లోనో. బడి ఆగిపోతుంది. అలా బడి ఆగిన పిల్లలకు పదహారేళ్లకే పెళ్లి చేయడం నా కళ్లతో చూశాను. జైలుకు పంపితే గుడుంబా ఆగిందా అంటే, లేదు. తిరిగొచ్చిన నెలకు మళ్లీ అదే పొయ్యి, ఎందుకంటే ఇంకో పని లేదు. ఆగింది ఎప్పుడంటే, తెలంగాణ వచ్చాక గుడుంబా మానేసిన కుటుంబాలకు రెండు లక్షల దాకా సాయం ఇచ్చి గేదెలో, కిరాణా దుకాణమో పెట్టించినప్పుడు. అందరికీ అందలేదు, అందిన ఇళ్లలో చాలామంది మళ్లీ కాయలేదు. నాకు తెలిసిన ముగ్గురు ఇప్పటికీ పాలు పోస్తున్నారు.

కానీ ఇంకో సంగతి కూడా చెప్పాలి. కేసులు తగ్గించాలి, రాజీ చేయాలి, లోక్ అదాలత్‌లో ముగించాలి అనే మాట వినగానే నాకు గుండె జారుతుంది. భర్త కొట్టిన కేసుల్ని పెద్దమనుషులు కూర్చోబెట్టి, ఆమె చేత వేలిముద్ర వేయించి "అయిపోయింది, సంసారం చేసుకో" అని పంపేస్తారు. అంకెల్లో ఒక కేసు తగ్గినట్టే. ఆమె మాత్రం అదే ఇంటికి పోవాలి. జాతర కొట్లాట వేరు, ఇది వేరు. ఖర్చు తగ్గించే తొందరలో ఈ రెంటినీ ఒకే గంపలో వేయకండి. చేతులెత్తి అడుగుతున్నాను.

నల్లకోటు నల్లగొండ | సోమవారం, రాత్రి 8:10

అక్కా, మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం. లోక్ అదాలత్ తీర్పు మీద అప్పీలు కూడా ఉండదు కాబట్టి ఒత్తిడితో పెట్టిన సంతకం చాలా దూరం పోతుంది. ఇంత కేసులు ముగించాలని అందరి మీదా ఒత్తిడి ఉంటుంది. రాజీకి వచ్చిన ఆడమనిషిని ఎవరూ పక్కన లేనప్పుడు విడిగా అడిగి తెలుసుకునే పద్ధతి తప్పనిసరి చేయాలి. నేను కూడా కొన్ని రాజీల్లో సంతకం పెట్టించినవాణ్ని. అన్నీ మనస్ఫూర్తిగా జరిగాయని చెప్పలేను.

అచ్చంపేట లా స్టూడెంట్ | సోమవారం, రాత్రి 9:30

అందరికీ నమస్కారం. లా మూడో సంవత్సరం చదువుతున్నాను. నాకు తెలిసింది రాస్తాను, తప్పుంటే సరిచేయండి.

2024 జులై 1 నుంచి అమలైన బీఎన్ఎస్ఎస్‌లో 479వ సెక్షన్ ఉంది. పాత చట్టంలో 436ఏ ప్రకారం గరిష్ఠ శిక్షలో సగం కాలం జైల్లో గడిపిన విచారణ ఖైదీని వదలాలి. ఇప్పుడు ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడైతే మూడో వంతుకే వదలాలి. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది లేదు. అర్హత వచ్చిందని కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. పాత కేసులకు కూడా వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఒకటి కంటే ఎక్కువ కేసులున్నవాళ్లను ఇందులోంచి తీసేశారు. ఒకే రోజు మూడు బైకులు దొంగిలించిన పందొమ్మిదేళ్ల కుర్రాడి మీద మూడు కేసులైతే అతనికి ఈ వెసులుబాటు లేనట్టే. ఇది నాకు అన్యాయం అనిపిస్తుంది.

భారతీయ న్యాయ సంహితలో సమాజ సేవ అనే శిక్ష మొదటిసారి వచ్చింది. 5,000 రూపాయల లోపు చిన్న దొంగతనం మొదటిసారి చేసి వస్తువు తిరిగిచ్చినవాడికి, తాగి నలుగురిలో గొడవ చేసినవాడికి ఇవ్వొచ్చు. కానీ ఆ పని ఎక్కడ చేయించాలి, ఎవరు చూడాలి? ఊరి బడికి ప్రహరీ గోడ కట్టించడమా, చెరువు కట్ట మీద కంప కొట్టించడమా? ఆ ఏర్పాటు లేకపోతే జడ్జి గారు మళ్లీ జరిమానా వేసి ఊరుకుంటారు. 1958 ప్రొబేషన్ చట్టం కూడా ఇలాగే ఉంది. 21 ఏళ్ల లోపువాళ్లను జైలుకు పంపే ముందు ప్రొబేషన్ గురించి ఆలోచించాలని అందులో 6వ సెక్షన్ చెబుతుంది. మా ప్రొఫెసర్ గారు అడిగితే క్లాసులో ఒక్కరం కూడా ప్రొబేషన్ ఉత్తర్వు నిజంగా చూసినవాళ్లం లేం.

ఆయకట్టు రైతు | మంగళవారం, ఉదయం 5:55

రెండు రోజులుగా చదువుతున్నాను. పొలం దగ్గర మోటరు వేసి ఇప్పుడు కూర్చొని రాస్తున్నాను.

నేను మొదట రాసింది కోపంతో రాశాను. వెనక్కి తీసుకోవడం లేదు కానీ, ఆ కేసులో నన్ను నిజంగా కాల్చింది ఏమిటని రాత్రి ఆలోచించాను. దొంగ బెయిల్ మీద రావడం ఒక్కటే కాదు. సాక్షిగా నన్ను ఐదుసార్లు పిలిచారు. పొద్దున పదిన్నరకు పోయి కూర్చుంటే మూడు గంటలకు వాయిదా అనేవాళ్లు. ఒకసారి వాళ్ల లాయరు రాలేదు, ఒకసారి ప్రభుత్వ లాయరు (పీపీ) గారు లేరు, ఒకసారి సమ్మె. ఐదు రోజులు కోతల కూలీలను వదిలిపెట్టి పోయాను. ఒక్క రూపాయి బత్తా ఇవ్వలేదు. దొరికిన రాగి పద్నాలుగు నెలలు స్టేషన్‌లో మూలన పడి ఉంది. ఇంకా పెద్దది ఏంటంటే, ఆ రాగి కొన్న పాత సామాన్ల వ్యాపారి మీద కేసే లేదు. వాడు కొంటున్నంత కాలం దొంగలు పుడుతూనే ఉంటారు. ఈ ఇద్దరిని పదేళ్లు లోపల వేసినా ఇంకో ఇద్దరు వస్తారు.

నాకు కావలసింది చెప్తాను. దొంగతనం జరిగిన వారంలో దొంగ దొరకాలి. ఆరు నెలల్లో కేసు తేలాలి. నష్టానికి ఎంతో కొంత రావాలి. కొన్నవాడు కూడా బోనులో నిలబడాలి. ఇవి జరిగితే దొంగకు రెండేళ్లు పడిందా ఆరు నెలలు పడిందా అని నేను పట్టించుకోను. మాస్టారి మనిషి మీద పెట్టిన 47 రోజుల ఖర్చు దీని మీద పెట్టి ఉంటే నేను సంతోషపడేవాణ్ని. మా సాగర్ డ్యాం కట్టడానికి రాళ్లు మోసినవాళ్లలో పాలమూరు కూలీలు ఎంతమందో మా నాయన చెప్పేవాడు. ఆ నీళ్లు తాగి వరి పండించుకుంటున్నవాణ్ని, వాళ్ల మనవళ్లు జైల్లో ఉండాలని నేనెందుకు కోరుకుంటాను?

ఖాకీ విశ్రాంతి | మంగళవారం, ఉదయం 8:20

రైతన్నా, మీ మాటకు చెయ్యెత్తి దండం. పాత సామాన్ల వ్యాపారిని వదిలేయడం మా తప్పే. దొంగ సొత్తు అని తెలిసి కొంటే అదీ నేరమే, సెక్షన్ ఉంది. కానీ అతనికి తెలుసని రుజువు చేయడానికి కూర్చొని దర్యాప్తు చేయాలి, బిల్లులు చూడాలి, ఫోన్ రికార్డులు తీయాలి. ఒక ఎస్సై దగ్గర బందోబస్తు, వారెంట్లు, వీఐపీ డ్యూటీ పోను దానికి టైమెక్కడిది? ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే కేసుల్లో ఫోరెన్సిక్ వాళ్లు సంఘటన స్థలానికి రావాలని కొత్త చట్టం చెబుతోంది. మంచిదే. అన్ని కేసులకూ వచ్చేంతమంది నిపుణులు జిల్లాల్లో ఉండాలి కదా. మిగిలిన డబ్బు, మనుషులు ఎక్కడ పెట్టాలంటే నేను మొదట దర్యాప్తులోనే పెట్టమంటాను.

నల్లకోటు నల్లగొండ | మంగళవారం, ఉదయం 9:00

స్వాధీనం చేసుకున్న వస్తువులను స్టేషన్‌లో నెలల తరబడి ఉంచొద్దని, పదిహేను రోజుల నుంచి నెలలోపు తేల్చాలని సుందర్‌భాయ్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. కొత్త చట్టం 497వ సెక్షన్‌లో ఫొటో, వీడియో తీసి వస్తువు ఇచ్చేసే పద్ధతి పెట్టారు. ఈసారి ఎవరి మోటరైనా దొరికితే అర్జీ పెట్టండి, నేను రాసిస్తాను. ఫీజు వద్దు.

వాయిదాల గురించి లాయర్లను అన్నారు. ఒప్పుకుంటాను. వాయిదాకు ఇంత అని ఫీజు తీసుకునే పద్ధతి ఉన్నంతకాలం కేసు తొందరగా ముగించాలన్న ఆత్రం మాలో కొందరికి ఉండదు. రెండుకు మించి వాయిదాలు ఇవ్వొద్దని అదే చట్టం 346వ సెక్షన్ అంటున్నా అది కాగితం మీదే ఉంది. కానీ జడ్జీల సంఖ్య కూడా చూడండి. పది లక్షల జనాభాకు 50 మంది ఉండాలని 1987లోనే లా కమిషన్ చెప్పింది. ఇప్పటికీ 15 దగ్గరే ఉన్నాం. పోలీసు, జైళ్లు, కోర్టులు, న్యాయసాయం చూసి రాష్ట్రాలకు ర్యాంకులిచ్చే ఇండియా జస్టిస్ రిపోర్టు 2025లో పెద్ద రాష్ట్రాల్లో తెలంగాణకు మూడో స్థానం వచ్చింది. మూడో స్థానంలో ఉన్న రాష్ట్రంలోనే పరిస్థితి ఇలా ఉంది.

తండా అక్క | మంగళవారం, మధ్యాహ్నం 12:40

చట్టాలన్నీ ఉన్నాయి, పథకాలు ఉన్నాయి అని అందరూ రాశారు. మరి ఏడో రోజున ఎవరు అడగాలి? నాకు అదొక్కటే అర్థమైంది. జైలు లోపల ఉన్నవాడు అడగలేడు. వాళ్ల ఇంట్లో ఆమెకు తెలియదు. మాలాంటి వాలంటీర్లు వారానికోసారి జైలుకు పోయి, బెయిల్ వచ్చినా బయటికి రానివాళ్లు ఎవరని అడిగి పేర్లు రాసుకొస్తే సగం పని అవుతుంది. మా దగ్గర మేం మొదలుపెడతాం. మాస్టారూ, మీ వైపు ఎవరైనా ఉన్నారా?

పాలమూరు మాస్టారు | మంగళవారం, రాత్రి 9:15

ఉన్నారు అక్కా. ఈ సాయంత్రం మా స్టాఫ్‌రూంలో ఈ చర్చంతా చదివి వినిపించాను. ఏడుగురం టీచర్లం, ఇద్దరు రిటైర్డ్ ఉద్యోగులు. నిజంగా జమానత్ లేక ఆగిపోయినవాళ్లకు, కేసు కాగితాలు చూశాక, మేం వంతులవారీగా నిలబడతాం. ఆడవాళ్లను, పిల్లలను కొట్టిన కేసులు మా దగ్గరికి తేవద్దని ముందే అనుకున్నాం. అక్క చెప్పిన మాట మనసులో ఉంది. వలస పోయే ముందు కేసులున్నవాళ్లు తమ నంబరు, మేస్త్రీ నంబరు మాకు ఇచ్చి పోవాలని గ్రామసభలో చెప్పిస్తాం. ఈ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకూ ఉండే సీఎన్ఆర్ నంబరు (అక్షరాలు, అంకెలు కలిపి పదహారు) కొడితే తర్వాతి వాయిదా కనిపిస్తుంది. మా పదో తరగతి పిల్లలకు అది చూడడం పది నిమిషాల్లో వచ్చేసింది. ఒకమ్మాయి వెంటనే వాళ్ల బాబాయి కేసు వెతికింది. వాయిదా పోయిన నెలలోనే దాటిపోయింది. ఆయన షోలాపూర్‌లో ఉన్నాడు. రాత్రే ఫోన్ చేయించాం.

నల్లకోటు నల్లగొండ | మంగళవారం, రాత్రి 9:40

వారెంట్ పడిందో లేదో రేపు పొద్దున్నే అక్కడ ఎవరితోనైనా చూపించండి మాస్టారూ. పడి ఉంటే ఆయన తనంతట తాను వచ్చి కోర్టులో హాజరై, వారెంట్ రీకాల్ చేయమని అర్జీ పెట్టుకోవాలి. పోలీసులు పట్టుకొచ్చేదాకా ఆగొద్దు. నంబరు నాకు మెసేజ్ పెట్టండి, పాలమూరులో నా స్నేహితుడు ఉన్నాడు, నిలబడతాడు.

పాలమూరు మాస్టారు | శుక్రవారం, సాయంత్రం 5:30

షోలాపూర్ నుంచి ఈ తెల్లవారుజామున బస్సు దిగాడు. వారెంట్ పడి ఉంది. లాయర్ గారి స్నేహితుడు పదకొండు గంటలకు అర్జీ వేశారు. నేను, మా డ్రిల్ సారు జమానత్‌కు సిద్ధంగా వెళ్లాం కానీ మా అవసరం రాలేదు, సొంత పూచీకత్తు మీద వారెంట్ తీసేశారు. తర్వాతి వాయిదా 18న. ఆ రోజు మేస్త్రీ పని ఇప్పించడం కుదరదంటున్నాడట, అతనితో నేను మాట్లాడతాను. ఆ పిల్ల తేదీని తన లెక్కల నోటుబుక్కు అట్ట మీద రాసుకుంది.

ఆయకట్టు రైతు | శుక్రవారం, రాత్రి 7:10

మిర్యాలగూడ వైపు ఎవరికైనా జమానత్ కావలసి వస్తే నా పాసుపుస్తకం ఉంది. కాగితాలు ముందు లాయర్ గారు చూడాలి.